బదులు మనిషి

ఎనిమిదో షాపు ముందు బండి ఆపి, చేతి బ్రేకు లాగి, పెద్దాయన ముందుగా పక్క సీటు వైపు చూశాడు. సీటులో దిండు ఉంది. దిండు మీదుగా బెల్టు బిగించి ఉంది. అది కదల్లేదని రూఢి చేసుకున్నాకే తలుపు తీసి దిగాడు.

వెనక తలుపులు తెరవగానే వేడి బ్రెడ్డు వాసన గుప్పుమంటుంది. కానీ పందొమ్మిదేళ్ళుగా అదే గాలి పీల్చిన ముక్కుకు ఆ సంగతి తెలియడం ఎప్పుడో మానేసింది. రెండు ట్రేలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఎత్తాడు. బరువెత్తేటప్పుడు ఎడమ భుజం కిందికి, కుడి భుజం పైకి పోతాయి. ఖాళీ చేతులతో నడిచేటప్పుడు కూడా ఆయన ఇప్పుడు అలాగే నడుస్తాడు. ట్రేల అంచులు ఆనే చోట అరచేతుల్లో రెండు చారలు కాయలు కాచి గట్టిపడ్డాయి. చెయ్యి చూసి జాతకం చెప్పేవాడెవడైనా ఆ చేతులు పట్టుకుంటే బ్రెడ్డు గురించి తప్ప ఇంకేమీ చెప్పలేడు.

"ఏం అన్నయ్యా, దిండుక్కూడా బెల్టేనా?" అంది షాపావిడ. రోజూ అడిగే ప్రశ్నే.

"జారిపోతుందమ్మా," అన్నాడాయన. రోజూ చెప్పే జవాబే.

ఆవిడ నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగింది. "అంత చెమట పట్టిందేంటి? ఇవాళ సాక్ష్యమని భయమా?"

"భయమెందుకు, ఉన్నదేగా చెప్పేది. పొద్దుటినుంచీ కాస్త గ్యాసు పట్టినట్టుంది, అంతే."

ఆవిడ ఇచ్చిన నీళ్ళు తాగి, అట్టకు దారంతో కట్టిన పెన్ను తీసి, షీటులో ఎనిమిదో గడిలో టైము వేసి సంతకం పెట్టాడు. ఆయన సంతకం చూడ్డానికి ఏమీ ఉండదు. పేరులోని అక్షరాలన్నీ ఒకదాని పక్కన ఒకటి, బడిలో వరసగా నిలబెట్టిన పిల్లల్లా ఉంటాయి. పొద్దున ఇరవై ఆరు షాపులు, మధ్యాహ్నం టీ కొట్లూ క్యాంటీన్లూ కలిపి పద్దెనిమిది. రోజుకు నలభై నాలుగు సంతకాలు పెట్టేవాళ్ళు ఈ లోకంలో ఒకరు ఆయన, ఇంకొకరెవరైనా పెద్ద ఆఫీసరు అయివుండాలి.

కంపెనీ వాళ్ళు తమ డ్రైవర్లను డ్రైవర్లనరు, భాగస్వాములంటారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. బండి పెద్దాయన సొంతం. కొన్నదీ ఆయనే, రిపేర్లు చేయించేదీ ఆయనే. కానీ బండికి వెయ్యాల్సిన పసుపు రంగు కంపెనీది, నెత్తిన టోపీ కంపెనీది, ఏ సందులోకి ఎన్నింటికి తిరగాలన్నది కంపెనీది. బండి ఖాళీగా పోతున్నా సరే, వేరేవాళ్ళ డబ్బా ఒక్కటి ఎక్కించడానికి వీల్లేదు. జ్వరం వచ్చినా కాలు విరిగినా మాత్రం, తమరు సొంత వ్యాపారస్తులు కదా, మాకేం సంబంధం అంటారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే. మొదటిసారి ఒప్పందం కాగితం ఇంటికి తెచ్చి చదివి వినిపించినప్పుడు ఆయన భార్య కుట్టుమిషను ఆపి, "కంపెనీకి నువ్వు భాగస్వామివైతే మరి నేనెవర్ని?" అని అడిగి, తన మాటకు తానే చాలాసేపు నవ్వుకుంది.

ఆ కాగితంలో ఏడో పేజీలో ఒక వాక్యం ఉంది. భాగస్వామి తాను రాలేని పక్షంలో తన ఖర్చు మీద బదులు మనిషిని పంపవచ్చును. కాగితం మీద అది 'పంపవచ్చును'. ఫోనులో మాత్రం "ఎవర్ని పంపుతున్నారు?" అని. పంపకపోతే రూటు ఇంకొకరికి పోతుంది. బదులు మనిషి పేరు కంపెనీ ముందుగా ఒప్పుకోవాలి, దానికొక అర్జీ, దానికి నాలుగు రోజులు. జ్వరం నాలుగు రోజుల ముందు చెప్పి రాదు గనుక డ్రైవర్లే ఒక పద్ధతి పెట్టుకున్నారు. బావమరిది తోలినా, తమ్ముడు తోలినా, షీటులో మాత్రం రూటు మనిషి సంతకమే గీకేస్తారు. ఆఫీసులో అందరికీ తెలుసు. ఎవరూ అడగరు.

ఇప్పుడు అరవై మంది డ్రైవర్లు కలిసి కేసు వేశారు. మేం వ్యాపారులం కాదు, పనివాళ్ళం. జబ్బు చేస్తే సెలవివ్వండి, సెలవు పెడితే పని పోదని రాసివ్వండి అని. వాళ్ళ తరఫున వచ్చిన లాయరమ్మ చిన్నపిల్ల, చురుకైంది. డ్రైవర్లందరినీ కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పింది.

"కేసంతా ఒక్క దారం మీద వేలాడుతోంది. తన బదులు ఇంకొకర్ని పంపగలిగితే వాడు వ్యాపారి. చచ్చినట్టు తనే పోవాల్సివస్తే వాడు పనివాడు. బాబాయిగారూ, మీరెప్పుడైనా ఎవర్నైనా పంపారా?"

"ఒక్కరోజు కూడా లేదమ్మా," అన్నాడు పెద్దాయన. ఆలోచించకుండానే అన్నాడు. ఆయన దృష్టిలో అది నిజం.

అందుకే ఆయన మొదటి సాక్షి అయ్యాడు.

ఇవాళ పొద్దున ఐదింటికి ఫ్యాక్టరీలో సరుకు ఎక్కిస్తుంటే పక్క రూటు డ్రైవరు సోడాబుడ్డి వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు. మందపాటి కళ్ళద్దాల వల్ల అతన్ని అందరూ అలాగే పిలుస్తారు. వారానికి మూడు రోజులు అతని భార్యకు ఆసుపత్రిలో మిషను మీద రక్తం శుభ్రం చేయించాలి. చీకటితో ఆమెను ఆసుపత్రి మెట్ల మీద దించి, ఒక్కదాన్నే లోపలికి పొమ్మని, తను సరుకుకు వస్తాడు. నాలుగు గంటలు ఆమె పక్కన ఎవరూ ఉండరు.

"రాత్రంతా నిద్ర పట్టలేదన్నా," అన్నాడు సోడాబుడ్డి. "నిన్న నర్సు అడిగిందట, మీ ఆయన బతికే ఉన్నాడా అని."

"మరదలేమంది?"

"ఉన్నాడు, బ్రెడ్డు వేస్తున్నాడు అందట." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "ఇవాళ నువ్వు గట్టిగా చెప్పాలన్నా. నాకు వారానికి మూడు పొద్దుటిపూటలు చాలు. ఇంకేం అక్కర్లేదు."

"చెప్తాలేరా," అన్నాడు పెద్దాయన. అతని భుజం మీద చెయ్యి వెయ్యబోయి, ఎడమ చెయ్యి బరువుగా లేచిరానంటే కుడి చెయ్యి వేశాడు.

ఇరవై ఆరో షాపు అయ్యేసరికి పది దాటింది. లేబరు ఆఫీసు సందులో బండి ఆపుకుని, హ్యాంగరుకు వేలాడదీసిన తెల్ల చొక్కా బండిలోనే తొడుక్కున్నాడు. కంపెనీ టోపీ తీసి పక్క సీటు మీద పెట్టబోయి, మళ్ళీ మనసు మార్చుకుని తన సీటు మీదే పెట్టాడు. ఆ దిండు మీద ఆయన ఎన్నడూ ఏదీ పెట్టడు. సోడాబుడ్డి ఎప్పుడైనా ఆ బండి ఎక్కితే వెనక ట్రేల మధ్య ఇరుక్కుని కూర్చోవాల్సిందే. నీలం, ఎరుపు, గళ్ళ గుడ్డ ముక్కలు అతికి కుట్టిన లావుపాటి దిండది. అది అక్కడెందుకుందో తెలిసినవాళ్ళు ఇద్దరే. అందులో ఒకరు లేరు.

విచారణ గది రెండో అంతస్తులో ఉంది. మెట్లు ఎక్కుతూ మధ్యలో ఒకసారి గోడ పట్టుకుని నిలబడ్డాడు. గదిలో కిటికీకి ఒక అద్దం పగిలితే అక్కడ అట్టముక్క పెట్టారు. విచారణ చేసే అధికారికి జలుబు. చేతిరుమాలు ముక్కు దగ్గరే ఉంది. ఓ మూల టైపు చేసే అమ్మాయి. వెనక బెంచీల్లో పది పన్నెండు మంది డ్రైవర్లు, అందరి నెత్తిన పసుపు టోపీలు. మిగతా వాళ్ళు రాలేదు, రావడానికి వాళ్ళ బదులు మనుషుల్లేరు.

కంపెనీ ప్లీడరు నెమ్మదైన మనిషి. ఆయనేమీ గొంతు పెంచలేదు.

"సార్, పందొమ్మిదేళ్ళలో మీ బదులు ఎవర్నీ పంపలేదని రాసిచ్చారు. అవునా?"

"అవునండి."

"ఒక్కరోజు కూడా?"

"ఒక్కరోజు కూడా లేదండి."

ప్లీడరు తన ముందున్న కాగితాల కట్టలోంచి ప్లాస్టిక్ కవరులో ఉన్న షీటొకటి తీసి బల్ల మీద ఆయన వైపు జరిపాడు. "ఇది మీ రూటు షీటే. పదకొండేళ్ళ కిందటిది. ఇందులో సంతకాలు ఎవరివో చెప్పండి." అని, ఆ సంతకంలోని పేరును పైకి చదివాడు.

ఆరేళ్ళుగా ఆ పేరును ఎవరూ పైకి అనలేదు. పెద్దాయన తనలో తాను అనుకోవడమే గానీ, ఇంకొక గొంతులో అది వినిపించేసరికి, ఎవరో పిలిచారనుకుని ఆమె ఇప్పుడు తలుపు తోసుకుని వస్తుందేమో అన్నట్టు గుమ్మం వైపు చూశాడు. తర్వాత వంగి షీటును చూశాడు.

ఇరవై ఆరు గడులు, ఇరవై ఆరు సంతకాలు. మొదటిది కొత్తవాళ్ళింట్లో కుర్చీ అంచున కూర్చున్నట్టు గడిలో ఒక మూలకు ముడుచుకుని ఉంది. ఐదారు షాపులకల్లా కాస్త జరిగి కూర్చుంది. పదో షాపు నుంచి గడి నిండా పరుచుకుంది. పదిహేనో షాపు దాటాక ప్రతి సంతకం కిందా ఒక గీత.

గీత కూడా గీసిందన్నమాట. ఆ సంగతి ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు.

ఆ రోజు ఆయనకు ఒళ్ళు తెలియని జ్వరం. తెల్లవారుజామున ఫోను మోగితే ఆమే ఎత్తింది. ఎవర్ని పంపుతున్నారని అవతల గొంతు అడిగింది. ఎవరూ రాకపోతే రేపటినుంచి రూటు వేరేవాళ్ళకు ఇస్తామని కూడా చెప్పింది. ఆమె తాళాలు తీసుకుంది. సెలవు మధ్యాహ్నాలు ఖాళీ మైదానంలో ఆయనే ఆమెకు బండి నేర్పాడు, లైసెన్సు కూడా ఇప్పించాడు. అయితే ఆమె పొట్టి మనిషి, సీటులో కూర్చుంటే స్టీరింగు పైనుంచి రోడ్డు కనబడదు. కర్టెన్లు కుట్టగా మిగిలిన ముక్కలతో అప్పటికప్పుడు దిండొకటి కుట్టి, దాని మీద కూర్చుని, మొగుడి టోపీ నెత్తిన పెట్టుకుని, ఇరవై ఆరు షాపులకూ బ్రెడ్డు వేసి వచ్చింది. ఇంటికి తిరిగొచ్చాక ఆయన మంచం పక్కన కూలబడి ఒక్కో షాపువాడు ఏమన్నాడో చెబుతూనే ఉంది. జ్వరంలో ఆయనకు సగమే వినిపించింది.

రెండు రోజుల తర్వాత షీటు సంగతి తెలిసి ఆయన మండిపడ్డాడు. "ఎవరు తోలినా రూటు మనిషి సంతకమే పెడతారే! నీ పేరెందుకు రాశావు?"

"తోలింది నేను, సంతకం నీదా?" అంది ఆమె. "ఇన్నేళ్ళు కుట్టాను, ఎక్కడైనా నా పేరు రాశానా? కర్టెనుకు సంతకం ఉంటుందా? ఒక్కరోజు నా పేరుకొక పనుంటే నీకు కడుపుమంటా?"

ఎవరూ అడగలేదు గనుక ఆ సంగతి అక్కడితో మరిచిపోయారు. కంపెనీ మరిచిపోలేదు. దాచి ఉంచింది.

"సార్, ఈవిడ ఎవరు?" ప్లీడరు మళ్ళీ అడిగాడు.

అధికారి రుమాలు తీసి, "పదకొండేళ్ళ నాటి మాట," అన్నాడు. "గుర్తు లేకపోతే గుర్తు లేదని చెప్పొచ్చు. తప్పేం లేదు."

ఆయన దయతోనే అన్నాడు. లాయరమ్మ తలెత్తలేదు, చేతిలో పెన్సిలు మాత్రం ఆగిపోయింది. సోడాబుడ్డి కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. అద్దాల్లేని అతని కళ్ళు చిన్నగా, ఎర్రగా ఉన్నాయి. గుర్తు లేదు. ఒక్క మాట. ఆ మాటంటే కంపెనీ ఆ పేరుగల మనిషిని వెతుక్కోవాలి, వెతికినా దొరకదు. అరవై మందీ గట్టెక్కుతారు. సోడాబుడ్డి తన భార్య పక్కన కూర్చుంటాడు. అనకపోతే తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందని రేపు తనను అంటారు. అన్నా న్యాయమే.

పెద్దాయన ఆ మాట నోట్లోకి తెచ్చుకున్నాడు కూడా. తెచ్చుకుని, కింద గీత గీసిన ఆ సంతకాన్ని మళ్ళీ చూశాడు. ఈ భూమ్మీద ఆమె పేరు ఆమె చేత్తో రాసినది ఇదొక్కటే మిగిలింది. దాన్ని పట్టుకుని ఇదెవరో నాకు తెలియదని అనాలి.

"నా భార్యండి," అన్నాడు.

వెనక బెంచీలో ఎవరో ఊపిరి వదిలారు.

"మరి ఎవర్నీ పంపలేదన్నారు?"

"బదులు మనిషిని పంపలేదండి. ఆమె... ఇంట్లో మనిషి కదండీ. నా బదులెలా అవుతుంది?"

బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వి ఊరుకున్నారు. ప్లీడరు నవ్వలేదు. "సరే. ఆ రోజు ఆవిడను పంపింది మీరే కదా?"

"లేదండి. నాకు తెలివి లేదు. ఫోను చేసి భయపెడితే ఆమే తాళాలు తీసుకుపోయింది."

"దానికి ఆధారం?"

"ఆమే చెప్పాలండి."

"పిలిపించగలరా?"

పెద్దాయన కాయలు కాచిన అరచేతులు రెండూ బల్ల మీద పెట్టి వాటి వైపు చూస్తూ, "ఆరేళ్ళయిందండి పోయి," అన్నాడు.

"క్షమించండి," అని ప్లీడరు కూర్చున్నాడు. అతను నిజంగానే నొచ్చుకున్నాడు. నొచ్చుకున్నా షీటును మాత్రం జాగ్రత్తగా కట్టలో పెట్టుకున్నాడు, అది అతని పని.

అప్పుడు లాయరమ్మ లేచింది. "బాబాయిగారూ, పిన్నిగారు పోయిన తేదీ గుర్తుందా?"

ఆ తేదీ గుర్తుందా అని ఆయన్ను అడగాలా? చెప్పాడు.

"ఆ రోజు షీటు కూడా ఆ కట్టలోనే ఉండాలి. తీయించండి," అందామె అధికారితో.

వెతికితే దొరికింది. ఇరవై ఆరు గడులు. అన్నింటిలోనూ పెద్దాయన సంతకమే.

"ఆవిడ ఎన్నింటికి పోయారు?"

"ఏడున్నరకి. ఆసుపత్రిలో."

"మీకెప్పుడు తెలిసింది?"

"పద్నాలుగో షాపు దగ్గరండి. ఏడు నలభైకి."

"తెలిశాక ఏం చేశారు?"

"ఆఫీసుకు ఫోన్ చేశానండి. అయ్యో అన్నారు. బదులు మనిషి ఎవరని అడిగారు. ఐదుగురికి చేశాను, అందరూ ఎవరి రూటులో వాళ్ళున్నారు."

"తర్వాత?"

టైపు అమ్మాయి ఆగి చూస్తోంది.

"తర్వాత పదిహేనో షాపండి," అన్నాడు.

లాయరమ్మ ఇంకేమీ అడగలేదు. ఆ రెండో షీటును అధికారి చాలాసేపు పట్టుకున్నాడు. పద్నాలుగో సంతకానికీ పదిహేనో సంతకానికీ ఏమైనా తేడా ఉందేమోనని చూశాడు గాబోలు. ఏమీ లేదు. అక్షరాలన్నీ వరసలోనే ఉన్నాయి. ఆ రోజు ఆయన చెయ్యి వణకలేదు. పోయిన మనిషి ఇక ఎక్కడికీ పోదు, రూటైతే పోతుంది అని ఆ క్షణాన తనకు తట్టిన మాటను పెద్దాయన ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. చివరి షాపులో సంతకం పెట్టి ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆమె ముఖం మీద దుప్పటి కప్పేశారు. అప్పటినుంచీ ఆయనకు తన చెయ్యంటే అసహ్యం. ఆ చేత్తోనే రోజూ నలభై నాలుగు సార్లు పేరు రాస్తాడు.

తీర్పు రాసి పంపుతాను, టైం పడుతుందని చెప్పి అధికారి ముక్కు తుడుచుకున్నాడు. అందరూ లేచారు. పెద్దాయన లేవలేదు.

"అయ్యా, ఒక మనవి," అన్నాడు. "ఆ మొదటి షీటు... జిరాక్సు ఒకటి ఇప్పిస్తారా?"

"కేసు కోసమా?"

"కాదండి. ఇంటికి."

అధికారి ప్లీడరు వైపు చూశాడు. ప్లీడరు కట్ట విప్పి షీటు తీసి, తనే వెళ్ళి మూలనున్న మిషను మీద కాపీ తీసుకొచ్చి రెండు చేతులతో ఇచ్చాడు.

మెట్ల దగ్గర సోడాబుడ్డి నిలబడి ఉన్నాడు. పెద్దాయన అతని ముఖం వైపు చూడలేకపోయాడు. "నీకు మాటిచ్చాను రా. నిలబెట్టుకోలేకపోయాను. అందరి నోట్లో మట్టి కొట్టానేమో."

"ఊరుకో అన్నా." సోడాబుడ్డి ఆయన చేతిలోని జిరాక్సు వైపు చూశాడు. "వదిన ఎవరో తెలీదని నువ్వంటే ఆ కేసు గెలిచి మాత్రం నేనేం చేసుకుంటాను?" కళ్ళద్దాలు సర్దుకుని, "ఆ రోజు నాక్కూడా ఫోన్ చేశావు కదూ," అన్నాడు.

"చేశాను."

"ఫోను బండిలో వదిలేసి ట్రేలు దించుతున్నా. ఆరేళ్ళనుంచీ చెప్పాలని."

"తెలుసు లేరా. నీకు మాత్రం ఎవరున్నారు, నీ బదులు?"

ఇద్దరూ దిగారు. రెండింటికి రెండో సరుకు ఎక్కించాలి.

బండెక్కాక పెద్దాయన జిరాక్సు కాగితాన్ని ఎక్కడ పెట్టాలో తోచక కాసేపు చేతిలో పట్టుకున్నాడు. జేబులో పెడితే చెమటకు తడుస్తుంది. చివరికి పక్క సీటు బెల్టు తీశాడు. దిండు గలేబుకు ఓ పక్క రెండు గుండీలుంటాయి, అవి విప్పి కాగితాన్ని మడత పెట్టి లోపలికి దూర్చాడు. గుండీలు పెట్టి, దిండును సరిచేసి, మళ్ళీ బెల్టు బిగించాడు. "గీత కూడా గీశావు కదే," అన్నాడు పైకే. బండిలో ఇంకెవరూ లేరు గనుక ఆ మాట విన్నదెవరో మనకు తెలియదు.

మధ్యాహ్నం బన్నుల ట్రేలు తేలిక. అయినా నాలుగో చోట ఒకసారి, ఏడో చోట ఒకసారి ట్రే కింద పెట్టి నిలబడాల్సివచ్చింది. పదో చోట క్యాంటీను వంటమనిషి, ఇంటికి పోయి పడుకోవయ్యా అంది. ఇంకో ఎనిమిదే ఉన్నాయి, పడుకుంటాలే అన్నాడు. సంతకం పెట్టాడు. టైము వేశాడు.

పదకొండో చోటు పొద్దుటి ఎనిమిదో షాపే. సాయంత్రం టీ కోసం షాపావిడ బన్నులు తెప్పించుకుంటుంది. పసుపు బండి వచ్చి ఎప్పటిలాగే గోడ వారగా, గీత దాటకుండా ఆగడం ఆవిడ చూసింది. పక్క లైటు టిక్కుటిక్కుమంటోంది. తలుపు తెరుచుకోలేదు. ఇద్దరికి సరుకిచ్చి మళ్ళీ చూసింది. లైటు ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

దగ్గరికెళ్ళి, "అన్నయ్యా," అని పిలిచింది.

పెద్దాయన సీటులోనే ఉన్నాడు. చేతి బ్రేకు లాగి ఉంది. ఇంజను ఆపి ఉంది. తల పక్కకు, దిండు వైపు తిరిగి ఉంది, బండి ఆపినప్పుడల్లా చూసినట్టే. కుడి చెయ్యి దిండు మీద ఉంది.

ఆవిడ అంతకుముందు ఎన్నడూ ఆ చేతిని ముట్టుకోలేదు. ముట్టుకుని, గట్టిగా ఏడ్చింది.

అంబులెన్సు వచ్చింది. వచ్చినవాళ్ళు చూసి తలలూపి ఆయన్ను తీసుకుపోయారు. షాపావిడ ఫోను చేస్తే సోడాబుడ్డి తన రూటులో ఆరో చోట, ట్రేలు రోడ్డు మీదే వదిలేసి వచ్చాడు. వచ్చేసరికి బండి ఒక్కటే ఉంది. లైటు ఇంకా కొట్టుకుంటోంది. లోపలికి వంగి దాన్ని ఆపాడు. ఆపగానే డాష్‌బోర్డు మీద పెద్దాయన ఫోను మోగింది.

"భాగస్వామిగారూ, మీ బండి పదకొండో పాయింటులో చాలాసేపట్నుంచీ ఆగి ఉంది. ఏమైనా ఇబ్బందా అండీ?" చిన్నపిల్ల గొంతు.

"ఆయన పోయాడమ్మా," అన్నాడు సోడాబుడ్డి. "ఇందాకే."

"అయ్యో," అంది ఆ అమ్మాయి. ఆ అయ్యో నిజమైందే. తర్వాత, ఎదురుగా ఉన్నది చదువుతున్నట్టు, గొంతు తగ్గించి అడిగింది. "మరి... మిగిలిన ఎనిమిదింటికీ బదులు మనిషి ఎవరండీ?"

సోడాబుడ్డి కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆయన బదులు ఎవరూ లేరు," అన్నాడు.

ఫోను పెట్టేశాక అలవాటు కొద్దీ అట్ట తీశాడు. మధ్యాహ్నం షీటులో పది సంతకాలు, వరసగా. పదకొండో గడి ఖాళీ. ఎవరు తోలినా రూటు మనిషి సంతకమే పెట్టడం వాళ్ళ పద్ధతి. పెన్ను దానంతటదే చేతిలోకి వచ్చింది, పెద్దాయన పేరులోని మొదటి అక్షరం వేళ్ళదాకా వచ్చింది. ఆయనకు ఎన్నడూ గడి ఖాళీ పోలేదు. ఒక్కరోజు కూడా లేదని పొద్దున అందరి ముందూ చెప్పాడు. సోడాబుడ్డి పెన్ను కాగితానికి ఆనించి, ఆనించి, తీసేశాడు. అట్ట నుంచి షీటు తీసి మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. దాన్ని కంపెనీలో ఇవ్వడు. ఎనిమిది ఖాళీ గడులతో అలాగే లాయరమ్మకు ఇస్తాడు.

షాపావిడ బండి తలుపులు వేస్తుంటే ఆగమని, తాళాలు తీసుకోవడానికి ఇంకోసారి లోపలికి వంగాడు. డ్రైవరు సీటు మీద చెమటకు తడిసిన పసుపు టోపీ పడి ఉంది. పక్క సీటులో నీలం, ఎరుపు, గళ్ళ ముక్కల దిండు, ఎటూ జారిపోకుండా, బెల్టు పెట్టుకుని కూర్చునే ఉంది.